దడికి ముఖం ఎటు?

తుఫాను గాలికి పెరటి పాత కంచె పక్కకు ఒరిగిన మర్నాటి నుంచి మొరిజుమి నోట వెదురు తప్ప మరో మాట లేదు. రైలు డ్రైవరుగా పనిచేసినంత కాలం ఎవరో వేసిన పట్టాల మీద నడిచిన మనిషి. రిటైరయ్యాక తన చేత్తో ఏదైనా ఒకటి నిలబెట్టాలని ముచ్చటపడ్డాడు. క్యోటో శివార్లలో వాళ్ల వీధి వెనకంతా వెదురు తోపులే. అలాంటి చోట పుట్టి, కొన్న కంచె పెట్టుకుని తలెత్తుకు తిరగడం ఎలాగన్నది ఆయన బాధ.

"ప్లాస్టిక్‌ది అచ్చం వెదురులాగే ఉంటుందట. మధ్యాహ్నానికల్లా బిగించేసి పోతారట," అంది భార్య తొమియే, సూపు గిన్నె ఆయన ముందు పెడుతూ.

"అచ్చం వెదురులాగే ఉండేది వెదురొక్కటే."

"సరే, మీరే అల్లండి. కాకపోతే అల్లింది నిలబడాలి. నెలాఖరు ఆదివారం మా టీ గురువమ్మగారు క్లాసువాళ్లతో కలిసి మొదటిసారి మనింటికి టీకి వస్తున్నారు. ఆవిడ కళ్లముందు అది పడుకుందంటే నేనింక క్లాసు గుమ్మం తొక్కలేను."

"ఆవిడ చూడాలనే కదా అల్లేది," అన్నాడు మొరిజుమి.

ఆ మాట నిజం. అకిషినో గురువమ్మ ఎనభై దాటిన మనిషి. టీ కలపడం నేర్పడంలో ఆ చుట్టుపక్కల ఆవిడను మించినవారు లేరు, మెచ్చుకోవడంలో ఆవిడంత పిసినారీ లేరు. తొమియే అన్నేళ్లుగా నేర్చుకుంటున్నా "ఫరవాలేదు" దాటి ఒక్క మాట ఆ నోట వినలేదు. ఆ నోటితోనే తన దడిని బాగుందనిపించాలని మొరిజుమి పట్టుదల.

రెల్లు దడి ఒక్క చలికాలానికే చీకిపోతుందని వద్దనుకున్నాడు. సన్నపుల్లలు ఏరి ఒత్తుగా కట్టే ఖరీదైన దడి జమీందారు ఇళ్లకే నప్పుతుందని దాన్నీ పక్కన పెట్టాడు. చివరికి వెదురు బద్దలతో తడకలా అల్లే దడి ఖాయం చేశాడు. బద్దలు చీల్చాడు, చేతులూ చీల్చుకున్నాడు. గుంజల అడుగుభాగం పుచ్చకుండా కాల్చి పాతాడు. బద్దల నున్నటి పచ్చవైపు అంతా ఒకపక్కకే వచ్చేలా అల్లి, నల్ల నారతాడు తడిపి ముడులు బిగించాడు. అటువైపు దడికి ముఖం. రెండోవైపు బద్దల పాలిపోయిన లోపలివైపూ అడ్డకర్రలూ కనబడతాయి. అది వీపు. ముఖం సహజంగానే తన తోటవైపు పెట్టుకున్నాడు.

గుంజలు పాతే ముందే, వీధి మర్యాద ప్రకారం, కొత్త తువ్వాలు ఒకటి కాగితంలో చుట్టి పక్కింటి ఇసొగాయ్ దగ్గరికి వెళ్లాడు. ఇసొగాయ్ మంగలి దుకాణం కొడుక్కి అప్పజెప్పి, రోజూ పొద్దున్నే పెరటి అరుగు మీద కూర్చుని పాత నాటకాల పద్యాలు గొంతెత్తి సాధన చేసే మనిషి.

"మధ్యలో దడి వేస్తున్నానండీ. కాస్త చప్పుడవుతుంది, ఏమీ అనుకోకండి."

చప్పుడన్న మాట వినగానే ఇసొగాయ్ గుండెల్లో రాయి పడింది. "ఇన్నాళ్లూ మావల్ల మీకు చాలా ఇబ్బంది అయినట్టుంది."

"అబ్బే, అలాంటిదేమీ లేదండీ," అన్నాడు మొరిజుమి, వంగి.

ఆ వీధిలో ఇబ్బంది ఉన్నవాడు కూడా సరిగ్గా ఇదే మాట, ఇంతే వంగి అంటాడు. పద్యాలు వినలేకే దడి కడుతున్నాడని ఇసొగాయ్‌కి రూఢి అయిపోయింది. మర్నాటి నుంచి నోరు కట్టేసుకున్నాడు. దడి పూర్తయిన రోజున పెట్టెలో పెట్టి అమ్మే ఖరీదైన ఖర్బూజా ఒకటి పట్టుకొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే ఇచ్చి వెళ్లిపోయాడు.

"తువ్వాలుకి ఖర్బూజా ఏమిటండీ? ఆయన మనసులో ఏదో పెట్టుకున్నారు," అంది తొమియే.

మొరిజుమి పెరట్లోకి వెళ్లి దడిని పైనుంచి తొంగిచూశాడు. చూడగానే సంగతి అర్థమైందనుకున్నాడు. ముఖం తను ఉంచుకుని, వీపు పక్కింటికి తిప్పాడు. ఇంత వయసొచ్చీ ఈ మాత్రం తట్టలేదే అని సిగ్గుతో చచ్చిపోయాడు. ముడులన్నీ కోసి, తడకలు ఒక్కొక్కటే ఊడదీసి, తిరగేసి మళ్లీ కట్టాడు. కన్నకూతుర్ని అత్తవారింటికి పంపినంత బాధగా ఉంది, పంపినంత గర్వంగానూ ఉంది.

"మరి గురువమ్మగారికి ఏం చూపిస్తారు, అడ్డకర్రలా?"

"పక్కింటి పెరట్లోంచి చూపిస్తాను. ఇసొగాయ్ గారు వద్దంటారా?"

అవతల ఇసొగాయ్ పొద్దున్నే తలుపు తీసి చూసేసరికి, దడి ముఖం పచ్చగా తనకేసి చూస్తోంది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు తన గోల భరించినవాడే, అడ్డం కట్టుకునేటప్పుడు కూడా అందం తనకే ఇచ్చాడు. దీనికి ఖర్బూజాలు చాలవు. వెంటనే కంచెలమ్మే దుకాణానికి ఫోను చేశాడు.

ఆదివారం మొరిజుమి టీలోకి మిఠాయిలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి తొమియే తోటలో బొమ్మలా నిలబడి ఉంది. ఆయన దడి వీపు ఎప్పటిలాగే ఉంది. దానికి పైన, మూరెడు ఎత్తున, నిగనిగలాడుతూ ప్లాస్టిక్ వెదురు తేలింది. ఇసొగాయ్ తన స్థలంలో, మర్యాదకు హద్దు నుంచి కాస్త వెనక్కి జరిగి, ముఖం వీళ్లవైపు తిప్పి బిగించాడు. మొరిజుమి అల్లిన ముఖమేమో రెండు కంచెల మధ్య, మనిషి అడ్డంగా తిరిగితే గాని పట్టని సందులో చిక్కుకుపోయింది. ఇటు నుంచి కనబడదు, అటు నుంచి కనబడదు.

మొరిజుమికి ఏడుపొక్కటే తక్కువ. ఆ సందు కొసకు వెళ్లి లోపలికి దూరాడు. అవతలి కొస నుంచి, తన కంచె ముఖం సరిగా కూర్చుందో లేదో చూద్దామని ఇసొగాయ్ దూరాడు. నడిమధ్యలో ఇద్దరూ ముక్కుకు ముక్కు తగిలేలా ఆగిపోయారు. అలాంటి చోట వంగి నమస్కరించడానికి కూడా వీల్లేదు కాబట్టి ఇద్దరికీ నిజం చెప్పక తప్పలేదు.

"నా పద్యాలు ఇంక వినబడవు లెండి. ఇది మందంగానే ఉంటుందట," అన్నాడు ఇసొగాయ్.

"పద్యాలకేమైందండీ? ఆ గొంతు వింటూనే నేను రోజూ గడ్డం గీసుకునేది. మీరు మానేశాక చూడండి, చెంపలన్నీ గాట్లే."

మంగలి కళ్లతో ఇసొగాయ్ ఆ చెంపలు చూశాడు. గాట్లు నిజమే. "మరి దడి ఎందుకు వేశారు?"

"పాతది పడిపోయిందండీ."

"అంతేనా?"

"అంతే."

ఇసొగాయ్ నోరు తెరిచే లోపలే సందు మొదట్లోంచి గురువమ్మ గొంతు వినబడింది. "మొరిజుమి గారూ, దడి చూపిస్తారని తొమియే చెప్పింది. మీరు జరిగితే నేనూ వస్తాను."

వెదురుబద్దంత మనిషి, పట్టు కిమోనో అంచు చేత్తో పట్టుకుని పక్కవాటుగా లోపలికి వచ్చేసింది. వెనక్కి నడుస్తూ ఇసొగాయ్, ఆయన వెంటే మొరిజుమి, ఆ వెనక గురువమ్మ. సందు మొదట్లో తొమియే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడింది. గురువమ్మ ఒక్కో ముడి దగ్గరా ఆగింది. అల్లికకు ముక్కు తాకేంత దగ్గరగా చూసింది, వేరే విధంగా చూడ్డానికి అక్కడ చోటు లేదు. చాలాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"టీ గది వాకిలి ఎందుకంత చిన్నదో ఇన్నేళ్లుగా నోరు నొప్పిపుట్టేలా చెబుతున్నాను. గొప్ప బయట వదిలి పాకి రమ్మని. ఒక్కరికీ ఎక్కలేదు. మీరు మాత్రం చేసిన మంచి పనిని ఎవరికంటా పడకుండా దాచుకున్నారు. బాగుంది, నాయనా. చాలా బాగుంది."

బాగుందన్న ఆ మాట సందంతా నిండి మొరిజుమికి తన రొమ్ము మీద ఆనినట్టనిపించింది. ఇది పొరపాటున జరిగిందని చెప్పబోయాడు. తొమియే సందు మొదట్లోంచి చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు. ఆవిడ మొగుణ్ని చూసి అంత గర్వపడటం ఆయన అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ సాయంత్రం వచ్చిన అతిథులందర్నీ గురువమ్మ ఆ సందులోంచే తొమియే టీ ఏర్పాటు చేసిన గదికి నడిపించింది. ఇసొగాయ్ అరుగు మీద కూర్చుని, మానేసిన రోజులకు కూడా కలిపి పద్యాలు పాడాడు.

అప్పటి నుంచి మొరిజుమి దారిన పోయేవాళ్లను ఆపి మరీ, తనంత వినయం గల మనిషి ఆ వీధిలో ఇంకొకడు లేడని చెబుతున్నాడు.