తప్పెట మీద కాంతామోస్

ఆ పొద్దున యాకోబు అయ్యవారి పథకం చక్కగానే ఉండింది. బడికి చందాలిచ్చే స్పెయిన్ దొరసాని ఒకామె జమ్మలమడుగు నుంచి పదింటికి చాపాడు మిషన్ బడికి వస్తుంది. పిల్లలు ఆమె భాషలో ‘కాంతామోస్’, అంటే ‘మేం పాడతాం’, అంటారు. ఆమె మెచ్చిందా, మూడేళ్లుగా టెంపరరీగా ఈడుస్తున్న ఆయన కొలువు పర్మనెంటు. హెడ్మిస్ట్రెస్ అరుణకుమారి మాటిచ్చింది.

మాటను కాన్, తా, మోస్ అని విరవాలి, బరువు నడిమి ముక్క మీద వేయాలి. నలభైమంది పిల్లలూ ఆ బరువును ‘కాన్’ మీదే దించేస్తున్నారు. బల్ల గుద్దాడు, చప్పట్లు కొట్టాడు, గొంతు పోయింది. తల ప్రాణం తోకకొచ్చి, ఊళ్లో చాటింపు వేసే వెట్టి దాసయ్య ఇంటికి పోయి, ఆయన భార్య సుందరమ్మనడిగి తప్పెట తెచ్చాడు. ‘తా’ దగ్గర ఒక్క దెబ్బ! పిల్లలకు పట్టుబడింది.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? తప్పెట మోగితే దండోరా; ఆ కరువులో దండోరా అంటే కాలవకు నీళ్లే. రైతు షంషుద్దీన్ పారతో సహా కిటికీలో తల పెట్టాడు.

"నీళ్లు యాడిదాకా వచ్చినాయప్పా?"

"నీళ్లూ లేవు, ఏమీ లేవు! పాఠం చెప్తాండా!"

"పాఠానికి తప్పెట ఏందప్పా? ఎవరికోసం దాస్తాండావు?"

పావుగంటలో ‘నీళ్లొచ్చినాయి, అయ్యవారు దాస్తాండాడు’ అని ఊరంతా పాకింది. పారలు, ఎడ్లబండ్లు బడి ముందర దారి మూసేశాయి. ఇంతలో దాసయ్య రొప్పుతూ వచ్చాడు.

"నా తప్పెట నువ్వు కొడితే నేనేం గడ్డి పీకాల్నా?"

"తప్పయింది మామా! నా మాట ఎవరూ నమ్మల్యా. పాఠమేనని నువ్వే చాటు. నేను బండ్లు తీయిస్తా, జీపొచ్చే వేళయింది."

యాకోబు పంచె ఎగ్గట్టి, ఎద్దుల ముక్కుతాళ్లు పట్టుకొని, దుమ్ములో మునిగి, బండ్లవాళ్లతో తిట్లు తింటున్నాడు. దొరసాని జీపు ఆయన్ను రాసుకుంటూనే లోపలికి పోయింది.

లోపల దాసయ్య తప్పెట అందుకొని, కిటికీల దగ్గర మూగిన జనానికి చాటింపుగా ఒక్క దెబ్బ వేశాడు. అలవాటుపడ్డ పిల్లలు నలభైమందీ ఒక్క గొంతుతో "కాన్‌-తా-మోస్!" అన్నారు. మళ్లీ దెబ్బ, మళ్లీ అదే. గుమ్మంలో నిలబడ్డ దొరసాని కళ్ల నీళ్లు పెట్టుకుంది. గబగబా వచ్చి దాసయ్య చేతులు పట్టుకుంది. ఇలాంటి గురువును వదులుకోవద్దు, ఈయన జీతం మేమే పంపుతాం అని అరుణకుమారితో ఇంగ్లీషులో అంది. జీతం మాట విన్నాక అరుణకుమారి సరేనని తలూపింది.

"అమ్మా, అది నేర్పింది నేను!" అని యాకోబు పరుగున వచ్చాడు.

తెలుగు రాని దొరసాని ఆయన దుమ్ము చూసి బండివాడనుకొని జాలిపడి, తన జీపుతో ఆయన బండికి ఇబ్బంది కలిగించినందుకు క్షమాపణ చెప్పింది.

నియామక కాగితం ఆ మధ్యాహ్నమే తయారైంది. చేతిరాత బాగుంటుందని యాకోబు చేతే రాయించారు. దాసయ్య వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించింది కూడా ఆయనే.