కొత్త జంటకు కొండలే గతి

మొగుడూ పెళ్ళాం సుఖంగా ఉండాలంటే మంచి ఇల్లు కావాలంటారు. తప్పు! వాళ్ళకి కావలసింది బొబ్బలెక్కించే బూట్లు, వీపు మీద పన్నెండు కిలోల సంచి, మనిషి చెయ్యి పడని కొండ.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా ఈ సంగతిలో నా మాట నమ్మండి. కళ్ళారా చూసొచ్చాను.

మేముండేది కంగారూల దేశంలో, క్రెయిగీబర్న్‌లో, మా అమ్మాయి జూడీ ఇంట్లో. తొమ్మిదిమందిమి. నా మనవరాలు సెరీనా నర్సింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. దాని భర్త మెల్విన్ మాస్టర్స్ చదవడానికి నరసాపురం నుంచి వచ్చాడు. పెళ్ళై ఎనిమిది నెలలు. పొద్దున అది యూనికి, అంటే యూనివర్సిటీకి, పోతుంది. సాయంత్రం అతను వేర్‌హౌస్ షిఫ్టుకి పోతాడు. ఇద్దరూ కలుసుకునేది గరాజ్ ముందు, కారు తాళాలు చేతులు మారేటప్పుడు!

యూనికి సెలవులిచ్చారు. రెండు రోజులు గ్రాంపియన్స్ కొండల్లో నడిచొస్తామన్నారు పిల్లలు.

"నడవడానికి మూడు గంటలు కారెక్కి పోవాలా? ఈ వీధిలో నడవండర్రా!" అంది మా వియ్యపురాలు, జూడీ అత్తగారు కోటమ్మ.

పాపం, ఆవిడకేం తెలుసు? మా వీధిలో ప్రతి మలుపులోనూ ఒక ఆంటీ ఉంటుంది. ప్రతి ఆంటీకీ వందనాలు చెప్పాలి. ప్రతి ఆంటీ విశేషమేమైనా ఉందా అని అడుగుతుంది. ఎనిమిది నెలల జంటని ఏ విశేషం అడుగుతారో మీకు తెలీదా! కొండల్లో కంగారూ ఎదురొస్తుంది. ఒక్కసారి చూస్తుంది. పక్కకి తప్పుకుంటుంది. ఏమీ అడగదు. ఎంత సంస్కారం!

పైగా సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేకపోతే ఫ్యామిలీ గ్రూప్ లేదు. నరసాపురం నుంచి వీడియో కాల్ లేదు. కాలికి బొబ్బ లేస్తే భార్య ప్లాస్టర్ వేస్తుంది. అదే మా ఇంట్లో వేస్తే ఏడుగురు చుట్టూ చేరి, పసుపు పెట్టమనీ కొబ్బరినూనె రాయమనీ రెండు పార్టీలవుతారు.

ఇంతకీ సెరీనాకి ఒక ఈమెయిల్ వచ్చింది. వచ్చే ఫిబ్రవరి నుంచి ఆర్నెల్లు మిల్డూరా ఆస్పత్రిలో ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా అక్కడుండి పని నేర్చుకోవడం. ఇక్కడికి ఆరు గంటల దూరం. సోమవారంలోగా జవాబు చెప్పాలి. నాకెలా తెలుసంటారా? నేను మాట్లాడను. మాట్లాడనివాణ్ణి పక్కన పెట్టుకుని అందరూ ఫోన్లో అన్నీ మాట్లాడేస్తారు.

తెలియాల్సిన మెల్విన్‌కే ఇంకా తెలీదు, ఇంట్లో మరెవరికీ కూడా! వంటింట్లో చెప్పబోయింది. పెరుగు కోసం కోటమ్మ వచ్చింది. కార్లో చెప్పబోయింది. స్పీకర్లో జూడీ పలికింది. పెరట్లో చెప్పబోయింది. ఫెన్స్ మీంచి పక్కింటి విద్యావతి ఆంటీ కరివేపాకు అందించింది. మొగుడికి చెప్పుకోవలసిన మాట ఇంటికి ముందు తెలిసిందంటే, ఇల్లే జవాబు చెప్పేస్తుంది. పిల్ల భయం అదీ.

మరి కొండలకి పంపారా? పంపారు. మాలో కొత్త జంటని ఒంటరిగా పంపే అలవాటు లేదు. తోడు ఉండాలి.

"అన్నయ్యగారు ఉన్నా లేనట్టే. ఆయన్ని పంపండి" అంది కోటమ్మ.

అలా నేను హనీమూన్‌కి వెళ్ళాను. డెబ్బై మూడేళ్ళ వయసులో!

దారి సన్నం. ఒకరి వెనక ఒకరు నడవాలి. "తాతయ్యా, స్టే ఇన్ ద మిడిల్. ఇట్స్ సేఫర్" అంది సెరీనా. "అవునండీ తాతయ్యగారూ, పాములుంటాయంట" అన్నాడు మెల్విన్. ముందు పెళ్ళాం, వెనక మొగుడు, నడుమ నేను. నాలుగు కిలోమీటర్లు అలాగే నడిచాం. మనిషి చెయ్యి పడని చోట నేనొక్కణ్ణి పడ్డాను!

ఒక బండ కనబడితే కూర్చున్నాను. "మోకాలు" అన్నాను. నీళ్ళూ, బామూ పట్టుకుని ఇద్దరూ నా చుట్టూ మూగారు. "పొండర్రా, నడిచి రండి" అన్నాను. ఆ రోజుకి అదే నా పెద్ద ఉపన్యాసం.

మలుపు దాటాక వాళ్ళు కనబడలేదు. వినబడ్డారు! "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అని అతను. "వెన్? టెల్ మీ వెన్!" అని ఇది. అరుపులు! ఎంత చక్కగా పోట్లాడుకున్నారో! ఎనిమిది నెలల్లో అదే మొదటి పోట్లాట. మా ఇంట్లో పోట్లాడుకోవాలంటే వాళ్ళ దాకా వంతెక్కడ వస్తుంది?

రెండు గంటల తర్వాత వచ్చారు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇది నవ్వుతోంది. తిరుగుదారిలో నన్ను ముందు నడవమన్నారు. నేను వెనక్కి చూడలేదు.

ఇంటికొచ్చాక సెరీనా సంగతి చెప్పింది. ఆర్నెల్లా, అంత దూరమా, తిండెలా అని ఇల్లంతా లేచింది. "సెరీనా వెళ్ళాలనే అనుకున్నాం అత్తయ్యగారూ. శుక్రవారాలు నేను బస్సులో వెళ్తాను" అన్నాడు మెల్విన్.

"ఎప్పుడు అనుకున్నారు? మాకు తెలీకుండా!" అంది జూడీ.

కోటమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఏం మాట్లాడుకున్నారు అన్నయ్యగారూ?"

"చెట్లు" అన్నాను.

కాబట్టి పాఠకులారా, మీ ఇంట్లో కొత్త జంట ఉందా? చదువులూ షిఫ్టులూ పోను వాళ్ళకి మిగిలింది కారు తాళాలేనా? అయితే ఆలస్యం వద్దు, నడక సెలవు ఏర్పాటు చెయ్యండి. వాళ్ళకి కాదు. మీకు! వాళ్ళని ఇంట్లో వదిలి, మీరంతా కొండలకి పోయి నడవండి.

నేను నాలుగు రోజులు కూర్చుని, మాట్లాడి, మావాళ్ళని ఒప్పించాను. నడక గుండెకి మంచిదన్నాను. వచ్చే శనివారం వాన్ బుక్ చేశారు. ప్రెషర్ కుక్కర్ కూడా వస్తోంది. పిల్లలకి అసైన్‌మెంట్లున్నాయట, రారు.

"మరి వాళ్ళకి తోడెవరు?" అంది కోటమ్మ. అందరూ నావైపు చూశారు.

వాన్లో ముందు సీటు నాకే కావాలన్నాను.