పైపు కాగితంలో అచ్చుతప్పు

అచ్చుతప్పులు దిద్దడం ఆయన ఉద్యోగం. ప్రెస్సులో పద్దెనిమిదేళ్ళుగా అదే పని. తన పెళ్ళి శుభలేఖలోనే మూడు తప్పులు పట్టి, మామగారి చేత మళ్ళీ అచ్చు వేయించిన మనిషి. ఎర్రపెన్ను జేబులో లేకపోతే ఆయనకి ముద్ద దిగదు.

అలాంటివాడు ఒకరోజు ప్రెస్సుకి సెలవు పెట్టి మరీ కారు బాగుచెయ్యడానికి దిగాడు.

కారు కొన్నాళ్ళుగా ఈల వేస్తోంది. ఎత్తు ఎక్కమంటే ఆయాసపడుతోంది. టర్బో నుంచి ఇంజనుకి గాలి తోసే లావుపాటి రబ్బరు పైపు చిరిగిందట. ఆ మధ్యాహ్నం మూడింటికి అదే కారులో ఆయన భార్యకి డ్రైవింగు పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఎత్తు మీదే ఆగిపోయింది. ఈసారీ పోతే మళ్ళీ ఆరు నెలలదాకా తేదీ దొరకదు. ఆవిడ నర్సు. ఆసుపత్రికి రెండు బస్సులు మారి వెళ్ళలేక ప్రాణం విసిగిపోయింది.

"మా తమ్ముడికి ఫోన్ చేస్తానండీ. పావుగంటలో మార్చేసి పోతాడు," అంది ఆవిడ.

తమ్ముడు మెకానిక్కు. కిందటేడు నలుగురిలో, "మా బావ బల్బు మారిస్తే వీధంతా చీకటి," అన్నాడు. ఆ మాట ఆయన మనసులో మేకులా దిగబడిపోయింది.

"మీ తమ్ముడు ఈ గుమ్మంలో అడుగుపెడితే, నేను ఈ గుమ్మం దాటి వెళ్ళిపోతాను."

"సరే. బనీను మీద చొక్కా తొడుక్కుని మరీ దాటండి."

కొత్త పైపు డబ్బాలో ఒక కాగితం వచ్చింది. ఆయన అలవాటుగా ఎర్రపెన్ను తీశాడు.

"'పైపును ముందు లోపలికి నెట్టండి. తీగ క్లిప్పును పైకెత్తండి. తరువాత బయటికి లాగండి.'" చదివి ముఖం చిట్లించాడు. "బయటికి రావలసినదాన్ని లోపలికి నెట్టడమేమిటి? బిగించేటప్పటి వాక్యం ఎగిరొచ్చి ఇక్కడ పడింది. ఒళ్ళు తెలియకుండా పనిచేస్తారు!"

మొదటి వాక్యం అడ్డంగా కొట్టేశాడు. కాగితం ఇప్పుడు శుభ్రంగా ఉంది.

పైపు మాత్రం రాలేదు. క్లిప్పు సగం లేచి మొరాయించింది. ఆయన లాగాడు. బానెట్టు మీదికెక్కినంత పనిచేసి లాగాడు. కాలు బంపరుకి తన్నిపెట్టి లాగాడు. పైపు తప్ప ఆయన ఒంట్లో ఉన్నవన్నీ కదిలాయి.

ఆ మూలుగులు విని పక్కింటి సలహాలరావు వచ్చాడు. అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు.

"వేడినీళ్ళు పోయండి సార్. రబ్బరు మెత్తబడుతుంది."

పోశాడు. నీళ్ళు కిందికి కారి ఆయన కాళ్ళు మెత్తబడ్డాయి.

"సబ్బు రాయండి."

రాశాడు. ఇప్పుడు పైపూ రాలేదు, చేతికీ చిక్కలేదు.

"ఇక తాడే దిక్కు. ఈ కొస పైపుకి, ఆ కొస గేటుకి కట్టి, గేటుని ఇద్దరం తోద్దాం. ఎంత పైపైనా రావలసిందే."

ఒకటి, రెండు, మూడు. ఫెళ్ళుమని శబ్దం వచ్చింది. "వచ్చేసింది!" అని ఎగిరాడు సలహాలరావు.

వచ్చింది గేటు. మడతబందుల్లోంచి ఊడి, రెండు స్తంభాల మధ్య ఏటవాలుగా ఇరుక్కుని నిలబడింది. సలహాలరావుకి ఉన్నట్టుండి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. సందులోంచి దూరి వెళ్ళిపోయాడు.

శబ్దానికి భార్య బయటికొచ్చింది. గేటు చూసింది, మొగుణ్ణి చూసింది, గడియారం చూసింది. ఒంటిగంటన్నర. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకు కారు కావాలండీ. మీ పంతం కాదు."

ఆయనకి నిజంగానే సిగ్గేసింది. "ఫోన్ చెయ్యి మీవాడికి," అన్నాడు తల దించుకుని.

"ఇందాకే చేశాను. వాడు ఊరి చివర పనిలో ఉన్నాడు, ఇప్పుడు రాలేడు." ఆవిడ కింద పడున్న కాగితం తీసి చదివింది. "ఈ ఎర్రగీత ఎవరిది?"

"అచ్చుతప్పు. దిద్దాను."

ఆవిడ కొంగు దోపి ఇంజను మీదికి వంగింది. "ఆసుపత్రిలో రోజుకి ఎన్ని గొట్టాలు ఊడదీస్తానో తెలుసా? బిగుసుకున్నదాన్ని లాగితే ఇంకా బిగుసుకుంటుంది. కాస్త లోపలికి నెడితే పట్టు వదులుతుంది."

బొటనవేళ్ళతో పైపుని ఇంజను వైపు నెట్టింది. క్లిప్పు టిక్కుమని లేచింది. లాగింది. పైపు చేతిలోకొచ్చింది.

ఆయన కొత్తది బిగించాడు. ఆ తరువాత ఎవరూ చూడకుండా, కొట్టేసిన వాక్యం కింద ఎర్రచుక్కలు పెట్టాడు. ప్రెస్సు భాషలో దానికి అర్థం, ఉన్నది ఉన్నట్టే ఉంచండి అని.

రెండున్నరకి డ్రైవింగు నేర్పే మేడం వచ్చి పక్కసీట్లో కూర్చుంది. కారు కదిలింది. ఎదురుగా గేటు. ఆయన పరుగెత్తి గేటుని పట్టుకు లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు.

కారులోంచి భార్య తల బయటపెట్టింది. "కాగితం చదివి వినిపించనా?"

ఆయన గేటుని ముందు కాస్త అవతలికి నెట్టి, పైకెత్తి, అప్పుడు లాగాడు. వచ్చింది.

సాయంత్రం దాకా ఆయన గేటులేని ఇంటికి కాపలా కూర్చున్నాడు. అయిదింటికి కారు ఈల వెయ్యకుండా వచ్చి ఆగింది. ఆవిడ ముఖం చూస్తేనే తెలిసింది, పరీక్ష పాసైంది. ఆయనకి తనే పాసైనంత సంతోషమేసింది.

ఆవిడ దిగుతూనే తమ్ముడికి ఫోన్ చేసింది. "పాసయ్యానురా! కొత్త పైపు మీ బావే బిగించారు."

ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"నువ్వు మాత్రం పని కాగానే ఓసారి రా. గేటు ఊడింది. వచ్చేటప్పుడు వరండాలోకి ఒక బల్బు కూడా పట్రా."

ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, వాడొస్తున్నాడు. గుమ్మం దాటతానన్నారుగా?"

ఆయన లోపలికెళ్ళి చొక్కా తొడుక్కొచ్చాడు. దాటిపోవడానికి కాదు, బావమరిది మేకులు కొడుతుంటే గేటు పట్టుకోవడానికి.