ఏనుగుకి రెండు నిమిషాలు

ఒక పెద్ద అడవిలో, నీళ్ళకీ నీడకీ లోటు లేనన్నాళ్ళూ ఎవరికీ చదువు మీద ధ్యాస పోలేదు. పక్క అడవిలో కాలేజీ పెట్టారని తెలిశాక మాత్రం మృగరాజు గారికి నిద్ర పట్టలేదు. మనకీ ఒకటి ఉండాల్సిందే అన్నారు. నెల తిరక్కుండా కొండ కింద గుహలో ఇంజనీరింగ్ కాలేజీ వెలిసింది.

గూళ్ళు కట్టడం నేర్పే సివిల్ శాఖ గిజిగాళ్ళతోనే నిండిపోయింది. మైనింగ్ సీట్లు పందికొక్కులు పట్టేశాయి. ఎక్కడా సీటు రానివాళ్ళందరినీ చివరి గదిలోకి తోశారు. ఆ గది మీద "పారిశ్రామిక, వ్యవస్థల ఇంజనీరింగ్ శాఖ" అని రాసుంది. ఇరవై బ్యాచీలు ఆ గదిలోంచి బయటికొచ్చాయి గానీ, ఆ మాటకి అర్థం మాత్రం లోపలే ఉండిపోయింది.

ఇరవై ఒకటో బ్యాచిలో అలా తోయించుకున్న పిల్ల నాగమణి. జాతికి ముంగిస. ముంగిసకి నాగమణి అని పేరేమిటని అడక్కండి. వాళ్ళ నాన్న పెద్ద తాచుని కొట్టి తిన్న మర్నాడు పుట్టింది, ఆ ఊపులో పెట్టేశాడు. వాళ్ళ బొరియలో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల కూడా తనే.

"మా అమ్మాయి ఇంజనీరు చదువుతోంది బావా," అని నాన్న ఎలుగుబంటి మామ దగ్గర చెప్పుకున్నాడు.

"ఏం బాగుచేస్తుందిట?"

"వ్యవస్థ."

"అదెక్కడ చెడింది?"

నాన్న ఇంటికొచ్చి కూతుర్ని అదే అడిగాడు. "ఇంకా అక్కడిదాకా చెప్పలేదు నాన్నా," అంది నాగమణి. అప్పటికి ఆఖరి సంవత్సరం నడుస్తోంది.

నిజానికి ఆ చదువు సారం చిన్నదే. ఎవరైనా పని చేస్తుంటే పక్కన కూర్చుని ఎంతసేపు పట్టిందో చూడాలి. చూసి, ఇంకా తక్కువసేపట్లో ఎందుకవలేదని అడగాలి. పని మాత్రం తాను ముట్టుకోకూడదు. ఏ కాలేజీకీ వెళ్ళకుండానే అత్తగార్లు ఈ విద్యలో పండిపోయారని అడవిలో ఒక పుకారు.

శాఖకి పెద్ద బకారావు మాస్టారు, కొంగ. మడుగు ఒడ్డున ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని గంటలు గంటలు నిలబడగలడు. ఎంత నిష్ఠ అనుకుని చేపలు దగ్గరికొచ్చేవి. విద్యార్థులూ అలా చేరినవాళ్ళే.

ఆ శాఖలో డిగ్రీ కావాలంటే ల్యాబ్ రికార్డులో ప్రతి ప్రయోగం కిందా బకారావు సంతకం ఉండాలి. ఒక్క సంతకం తక్కువైనా పరీక్షకి కూర్చోనివ్వరు. పరీక్ష తప్పితే నాన్న ఎలుగుబంటి మామ ముందు తలెత్తుకోలేడు. నాగమణికి పదకొండు సంతకాలు పడ్డాయి. మిగిలింది పన్నెండో ప్రయోగం: "మడుగులో ఏ జంతువుల మంద ఎంతసేపు నీళ్ళు తాగును?"

"ఇందులో కష్టమేముందే," అన్నాడు అంగదరావు. వాడు నాగమణి క్లాసు కోతి. "మా అన్నయ్య రికార్డుంది. జింకలకి అర నిమిషం, దున్నలకి ఒకటి, ఏనుగులకి రెండు. రాసెయ్, సాయంత్రానికల్లా సంతకం."

"మీ అన్నయ్య చూశాడా?"

"వాడెందుకు చూస్తాడు? వాడికి వాడి సీనియర్ లేడూ?"

నాగమణికి చిన్నప్పట్నుంచీ ఒక జబ్బుంది. ఎవరైనా చూడద్దంటే చూసి తీరాలి. స్టాప్‌వాచ్ కోసం అటెండరు తాబేలు దగ్గరికి వెళ్ళింది.

"బీరువాలో భద్రంగా ఉంది," అన్నాడు తాబేలు.

"ఇవ్వండి మరి."

"బాగుంది! వాడితే పాడవదూ?"

నాగమణి ఒక చిన్న కొబ్బరి చిప్పకి సన్నటి చిల్లు పెట్టింది. నీళ్ళ మీద వదిలితే మెల్లగా నిండి మునిగేది. కాలేజీ గోడ గడియారంతో సరిచూసి, ఒక్క మునకకి ఒక్క నిమిషం వచ్చేలా చిల్లు సర్దింది. ఆ చిప్ప పట్టుకుని మూడు రోజులు మడుగు దగ్గర ఎండలో కూర్చుంది.

ఏనుగుల మందకి పెద్ద గజలక్ష్మి పెద్దమ్మ. "ఏం చేస్తున్నావే పిల్లా?" అంది.

"నువ్వు నీళ్ళు తాగడం చూస్తున్నా పెద్దమ్మా. మార్కులకి."

"ఇదా మీ చదువు! చూడు తల్లీ, బాగా చూడు. కాస్త పక్కకి జరిగి చూడు. పొరపాటున తొక్కానంటే నీ మార్కులు నాకు వేస్తారు."

ముందు గున్నలు తాగాయి. తరవాత తల్లులు తాగారు. గున్నలు మళ్ళీ దిగి ఒళ్ళు తడుపుకుని, బురద చల్లుకుని, ఒకదాన్నొకటి తోసుకుని, మొత్తానికి గట్టెక్కాయి. అందరూ గట్టెక్కాక ఆఖర్న పెద్దమ్మ తాగింది. చిప్ప ఇరవై మూడుసార్లు మునిగింది. మూడు రోజులూ కాస్త అటూ ఇటూగా అంతే.

ఇంకోటి కూడా చూసింది నాగమణి. ఏనుగులు దిగినంతసేపూ జింకలు పొదల్లోంచి తొంగి చూస్తూ ఉండేవి. వాళ్ళు వెళ్ళాక వచ్చేవి. జింకలుంటే పందులు చెట్టు కింద ఆగేవి. బోర్డు లేదు, గంట లేదు, గొడవా లేదు. అయితే పొదల్లోంచి తొంగి చూడటం సిలబస్‌లో లేదు కాబట్టి దాన్ని రికార్డులో ఎక్కడ రాయాలో తెలియలేదు.

బకారావు రికార్డు తెరిచి, ముక్కుతో ఆ అంకెని పొడిచాడు. "ఇది తప్పు."

"మూడు రోజులు చూశాను సార్."

"చూస్తే ఎలా వస్తుందమ్మా? ఇరవై బ్యాచీలకి రెండొచ్చింది. నీ ఒక్కదానికే ఇరవై మూడా? ఏనుగేమన్నా నీ మీద పగబట్టిందా?"

"ఒక్కసారి మీరే చూడండి సార్. రోజూ అక్కడే నిలబడతారుగా."

"నేను కళ్ళు మూసుకుని నిలబడతాను," అన్నాడు బకారావు గర్వంగా. "చూడమ్మా, నీకు వచ్చింది ఇరవై మూడు. రావాల్సింది రెండు. శుక్రవారం పరీక్ష. ఈలోపు రెండు తెచ్చుకో."

ఎర్ర సిరాతో ఇరవై మూడు కొట్టేసి, కింద "మళ్ళీ చెయ్యి" అని రాశాడు.

ఆ వారమే ఎండలు ముదిరాయి. వాగులన్నీ ఎండి మడుగొక్కటే మిగిలింది. మృగరాజు గారు దాహానికి వెళ్తే అక్కడో అడవిపంది ముందే దిగి ఉంది. దానికి వెనక చప్పుడు వినపడదు. రాజావారు నాలుగు నిమిషాలు నిలబడాల్సొచ్చింది.

"మనకో వ్యవస్థల శాఖ ఏడ్చిందిగా! ఇరవై ఏళ్ళనుంచీ ఏం చేస్తోంది?" అని గర్జించారు.

బకారావు రెక్కలు టపటపలాడించాడు. జన్మకో అవకాశం! పాత రికార్డొకటి ముందేసుకుని ఒక్క పూటలో టైంటేబుల్ తయారుచేశాడు. ఎవరి వేళకి వాళ్ళు రావాలి, తాగాలి, పోవాలి. వేళకి రానివాళ్ళకి ఆరోజు నీళ్ళు లేవు. గురువారం ప్రారంభోత్సవం.

"నాగమణీ, నీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. బోర్డు నువ్వు రాయి. సభ సవ్యంగా జరిగితే నీ సంతకం సంగతి చూద్దాం."

నాగమణి రాసింది. "ఏనుగులు: తొమ్మిది నుంచి తొమ్మిదీ రెండు వరకు." అక్కడ చెయ్యి ఆగింది.

"సార్, ఇది రెండు కాదు."

"రాయడం నీ పని. ఎంతో చెప్పడం నా పని."

నాగమణి తోక ఒకసారి అటూ ఇటూ ఆడింది. "సరే సార్. తొమ్మిదీ రెండుకి ఎవర్ని రాయమంటారు?"

"ఎవరైతే బాగుంటుంది?"

"ఏమో సార్. ఏనుగులు నడిస్తే దారి సాపవుతుంది. రెండు నిమిషాల్లో మడుగూ ఖాళీ అవుతుంది, రికార్డు ప్రకారం." మొహం ఎంత అమాయకంగా పెట్టిందంటే, దాన్ని చూస్తే తాచుపాము కూడా పలకరించడానికి వచ్చేది.

"అయితే రాజావారినే రాయి! పక్కన నేను నిలబడతాను."

"ఒంటికాలి మీదేనా సార్?"

"ఛ, ఛ. సభలో రెండు కాళ్ళ మీద."

గురువారం తొమ్మిదింటికి వడ్రంగిపిట్ట చెట్టు మీద టకటకలాడించింది. ఏనుగులు దిగాయి. గున్నలు తొండాలు ముంచాయో లేదో మళ్ళీ టకటక. మృగరాజు గారు జూలు దువ్వుకుని వచ్చి నిలబడ్డారు.

బకారావు ముందుకొచ్చాడు. "అమ్మా గజలక్ష్మమ్మ గారూ, మీ వేళ అయిపోయింది."

"ఎవరు చెప్పారు నాయనా?"

"రికార్డు."

"అతనెవరు? పిల్లల్ని కన్నవాడేనా?"

"రెండు నిమిషాల్లో తాగేయాలమ్మా! ఇరవై బ్యాచీలుగా మీరు రెండు నిమిషాల్లోనే తాగుతున్నారు!"

"అవునా? నాకెవరూ చెప్పలేదే," అని పెద్దమ్మ గున్నల వైపు తిరిగింది. "నెమ్మదిగా తాగండర్రా, పొరబోతుంది."

ఈలోపు దున్నలొచ్చాయి, వాళ్ళ వేళకి. జింకలొచ్చాయి. పందులొచ్చాయి. ఏనుగులున్నాయని కళ్ళకి కనిపిస్తూనే ఉంది. రోజూ అయితే పొదల్లో ఆగేవాళ్ళే. కానీ వేళ తప్పితే నీళ్ళు లేవని బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుందాయె. అందరూ ఒక్కసారే దిగారు. తొమ్మిదీ ఇరవై మూడుకి ఏనుగులు గట్టెక్కేసరికి మడుగులో నీళ్ళకి బదులు బురదుంది. ఒక గున్న పోతూ పోతూ తొండం నిండా ఆ బురద పీల్చి, తమాషాకి రాజావారి జూలు మీద ఊదింది.



"ఎవరు రాశారు రెండని?" మృగరాజు గర్జన కొండకి తగిలి వెనక్కొచ్చింది.

"మా అన్నయ్య ప్రభూ," అన్నాడు అంగదరావు ఒక కొమ్మ పైకి జరిగి. అన్నయ్య తన సీనియర్ పేరు చెప్పాడు. ఆ సీనియర్ తన సీనియర్ పేరు చెప్పాడు. చివరికి బీరువాలో, స్టాప్‌వాచ్ కింద, మొట్టమొదటి బ్యాచి రికార్డు ఉందని తేలింది. తాబేలు దాన్ని తెచ్చేసరికి బురద ఆరిపోయింది.

నాగమణి పైకి చదివింది. "ఏనుగులు రాలేదు. వచ్చియున్నచో రెండు నిమిషములు పట్టియుండును. ఇట్లు, బకారావు, మొదటి బ్యాచి." మొదటి బ్యాచికి మాస్టారు లేడు గనక కింద సంతకమూ ఆయనదే.

అందరూ కొంగ వైపు చూశారు. బకారావు కంగారులో ఒంటికాలి మీదికి వచ్చేశాడు. కానీ కొంగజపం ఊరికే పోతుందా? మరుక్షణం కళ్ళు తెరిచాడు.

"ప్రభూ! ఈ తప్పుని కనిపెట్టిందే మా శాఖ. నా పర్యవేక్షణలో ఈ అమ్మాయి మూడు రోజులు పరిశోధించి, అసలు సంఖ్య ఇరవై మూడని తేల్చింది." అని నాగమణి సంచిలోంచి రికార్డు లాగి, తన ఎర్ర గీత మీదే పచ్చ సిరాతో సంతకం గిలికాడు.

"ఇంత బుద్ధిమంతులా!" అన్నారు రాజావారు జూలు దులుపుకుంటూ. "అయితే ఇవాళ్టినుంచీ ఇరవై మూడే. రాతి మీద చెక్కించండి, ఎవరూ మార్చకుండా."

అది ఎండాకాలం మూడు రోజుల లెక్కే అని చెప్పడానికి నాగమణి నోరు తెరిచింది. గుంపులో నాన్న కనిపించాడు. "చూశావా బావా, బాగుచేసేసింది!" అని ఎలుగుబంటి మామ వీపు చరుస్తున్నాడు. నాగమణి నోరు మూసుకుంది. పన్నెండో సంతకం పడింది కదా.

డిగ్రీ వచ్చింది. ఆ శాఖలోనే ల్యాబ్ ఉద్యోగమూ వచ్చింది. వానలు కూడా వచ్చాయి.

శ్రావణంలో ఒకరోజు సీతాలు అనే ఉడత పిల్ల, తడిసి ముద్దై, చిల్లు చిప్ప ఒక చేత్తో, రికార్డు ఒక చేత్తో పట్టుకుని వచ్చింది.

"మేడమ్, ఏనుగులకి నాలుగు నిమిషాలే పట్టింది! ప్రతి గుంటలోనూ నీళ్ళేగా, దారినపోతూ ఓ గుక్క తాగి పోతున్నాయి. మూడు రోజులు చూశాను."

నాగమణి ఆ నాలుగుని చూసింది. ఎండలో కూర్చున్న తన మూడు రోజులు గుర్తొచ్చాయి. కిటికీలోంచి మడుగు ఒడ్డున రాయి కనిపించింది. వానకి కడిగినట్టయి ఇరవై మూడు మెరుస్తోంది.

"అంటే నాది తప్పంటావా?"

"అనడం లేదు మేడమ్, ఒక్కసారి మీరే వచ్చి..."

నాగమణి సొరుగు లాగింది. ఎర్ర కలం తీసింది.

"చూడమ్మా, నీకు వచ్చింది నాలుగు. రావాల్సింది ఇరవై మూడు."

కింద "మళ్ళీ చెయ్యి" అని రాసింది. దస్తూరి ముత్యాల్లా ఉంది.

నీతి: తప్పుని ఒప్పు చెయ్యాలంటే మూడు రోజులు ఎండలో మాడాలి, ఒప్పుని తప్పు చెయ్యాలంటే దాన్ని రాతి మీద చెక్కితే చాలు.