మెదడు పగడం మీద హత్యాయత్నం

నవంబరు తొమ్మిదో తేదీ మాస్టారికి ఇప్పటికీ బాగా గుర్తు. పొద్దున ఫలహారం ఉడకబెట్టిన గుడ్లు, కాల్చిన బ్రెడ్డు. ఆయన రెండో గుడ్డు మీద మిరియాలపొడి చల్లుకుంటూ ఉండగా బావమరిది కుర్చీలోంచి లేచి, మూతి తుడుచుకుని, ప్రకటించాడు.

"బావగారూ! లోకంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, నాకు దొరకబోయేవాళ్ళు."

"మొదటి రకంలో ఇప్పటిదాకా ఎవరున్నారండీ?" అంది అతని భార్య, బ్రెడ్డుకి వెన్న రాస్తూ.

"మేధావులు లెక్కలు చెప్పరు."

"చెప్పడానికి ఉండాలిగా!"

బావమరిదిది కళ్ళద్దాల దుకాణం. ఎందరికో చూపు సరిచేసిన మనిషే గాని, తన చూపు మాత్రం డిటెక్టివ్ నవలల్లో ఇరుక్కుపోయింది. జేబులో దువ్వెన లేకుండా బయటికి వెళతాడేమో గాని భూతద్దం లేకుండా వెళ్ళడు. చుట్టాలంతా అతన్ని భూతద్దం అనే పిలుస్తారు. అతనది బిరుదనుకుంటాడు. భార్యాభర్తలిద్దరూ మాస్టారి దగ్గర నాలుగు రోజులుండి పోదామని వచ్చారు.

ఇక నేరం సంగతి. మాస్టారింట్లో హాలు గోడ పొడుగునా ఉప్పునీటి అక్వేరియం ఉంది. ఒకప్పుడు దాన్నిండా రాతి పగడాలే. పగడమంటే చూడ్డానికి రాయే గాని, నిజానికి బతికున్న జంతువు. తనకు తానే రాతిగూడు కట్టుకుని, దాని మీద చర్మంలా పరుచుకుని ఉంటుంది. మాస్టారి భార్యకి అవంటే ప్రాణం. ఏది ఏ జాతో, ఏది ఎవరి పక్కన ఇముడుతుందో ఆవిడకి తెలుసు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మాస్టారికి నీళ్ళు తెలుసు. ఉప్పెంత, సున్నమెంత, వేడెంత, అంతా ఆయన పని. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టలేదు. ఆవిడ పోయాక నీళ్ళు మాత్రం దివ్యంగా ఉన్నాయి. ఆ నీళ్ళలో ఎవరెవరున్నారో చెప్పేవాళ్ళే లేరు.

ఆవిడ చేత్తో పెట్టినవాటిలో ఒక్కటే మిగిలింది. మెదడులా మడతలు పడ్డ ఆకుపచ్చ పగడం. కొన్నాళ్ళుగా దాని ఒక అంచున చర్మం కరిగిపోయి, తెల్లటి రాయి బయటపడుతోంది. రోజూ పొద్దున లేచేసరికి ఆ తెలుపు ఇంకాస్త లోపలికి జరిగి ఉంటోంది. నీళ్ళు ఎన్నిసార్లు పరీక్షించినా లోపం లేదు.

"ఇదీ పోతే తొట్టె ఎవరికైనా ఇచ్చేస్తానోయ్," అన్నారు మాస్టారు. "ఖాళీ నీళ్ళని చూస్తూ కూర్చోలేను."

ఆ మాటకి భూతద్దం మొహంలో నవ్వు ఒక్క క్షణం మాయమైంది. అతనికి అక్కంటే అంత ఇష్టం. మరుక్షణమే ఛాతీ పొంగింది.

"పోవడమేమిటి బావగారూ! ఇది వరుస హత్యాయత్నం. హంతకుడు ఈ గాజుగోడల మధ్యే ఉన్నాడు!"

మొదటి చర్యగా గాజు నిండా మొహానికి రాసుకునే పౌడరు అద్దాడు. వేలిముద్రలు బోలెడు బయటపడ్డాయి.

"చూశారా! ఒకే మనిషి, మళ్ళీ మళ్ళీ వచ్చాడు. బొటనవేలి మీద గాటు కూడా ఉంది."

"మీ వేలు చూపించండి," అంది భార్య.

చూపించాడు. గాటు ఉంది. ఆ గాజు తుడవడానికి ఆవిడకి మధ్యాహ్నం దాకా పట్టింది.

తర్వాత అనుమానం పీత మీదికి మళ్ళింది. ఖాళీ శంఖంలో కాపురముండే బుల్లి పీత అది. "సొంత ఇల్లు లేదు, మొహం దాచుకుని తిరుగుతుంది. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?" అని దాన్ని పట్టుకుని, తొట్టెనీళ్ళు పోసిన జగ్గులో కస్టడీలో పెట్టాడు. మర్నాడు పొద్దున చూస్తే తెలుపు ఇంకాస్త పాకింది. పీత జగ్గులోనే ఉంది. దాన్ని బేషరతుగా విడుదల చేశారు.

ఆ మధ్యాహ్నమే హాల్లోంచి ఒక గావుకేక. మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు.

"రెండో హత్య! రొయ్య!"

చేపల ఒళ్ళు శుభ్రం చేసే ఎర్రచారల రొయ్య ఇసుకలో వెల్లకిలా పడి ఉంది. మీసాలతో సహా చలనం లేదు. భూతద్దం తల వంచి నిలబడ్డాడు. "మంచి రొయ్య. దీనికి చాలా తెలిసుంటుంది. అందుకే నోరు మూయించారు."

అంతలో రాయి వెనకనుంచి అదే రొయ్య మీసాలు ఊపుకుంటూ వచ్చి, తన శవాన్ని తనే ఓ చూపు చూసి, మళ్ళీ రాయి వెనక్కి వెళ్ళిపోయింది.

"ద... దయ్యం!"

"పెంకు విడిచిందోయ్," అన్నారు మాస్టారు, నవ్వాపుకోలేక కుర్చీ పట్టుకుని. "పెరిగినప్పుడల్లా పాత పెంకు వదిలేస్తుంది." చాలా రోజుల తర్వాత కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారాయన.

నవ్వయ్యాక కళ్ళు తుడుచుకుంటూ అడిగారు. "అవునూ, పోయినసారి నువ్వు తెచ్చిన నక్షత్రాల పగడం ముక్క ఉందిగా, మెదడు పగడం పక్కన. దాన్ని అనుమానించవా?"

భూతద్దం నొచ్చుకున్నాడు. "అది నా బహుమతి! కొనేటప్పుడే భూతద్దం పెట్టి చూసి ధ్రువీకరించాను. రాతిగూడు లేని మెత్తటి జాతి, ఒట్టి సాధువు. పాపం మెదడు ఒంటరిగా ఉందని తోడుగా నేనే దగ్గర కూర్చోబెట్టాను."

"వీరు ధ్రువీకరించిన పెళ్ళి సంబంధాలన్నీ కూడా ఇంతే అన్నయ్యగారూ," అంది భార్య.

ఆ సాయంత్రం ఆఖరి వ్యూహం. నేరస్థుణ్ణి ఎరవేసి పట్టాలి. పొద్దు గూకాక భూతద్దం తన దుకాణంలోకెల్లా నల్లటి కళ్ళద్దాలు పెట్టుకుని, గిన్నెలో రొయ్యపిండి మేత కలుపుకుని, పిల్లిలా అడుగులేస్తూ హాల్లోకొచ్చాడు.

"ఇంట్లో చలవద్దాలెందుకండీ?"

"నా కళ్ళు ఎటు చూస్తున్నాయో శత్రువుకి తెలియకూడదు."

శత్రువుకే కాదు, అతనికీ తెలియలేదు. కాలు తీగకి తగులుకుంది. గిన్నెలో మేతంతా తొట్టెలో పడింది, తొట్టె మీద దీపం ఆరిపోయింది, భూతద్దం సోఫా కింద తేలాడు. పంపు తీగ వేరే బోర్డుకుంది కాబట్టి నీళ్ళు మాత్రం ఆడుతున్నాయి.

"ఇప్పుడే వెలిగించకు," అన్నారు మాస్టారు. "చేపలు బెదిరిపోతాయి. కాసేపాగుదాం."

ముగ్గురూ చీకట్లోనే కూర్చుని టీ తాగారు. మాస్టారు మామూలుగా తొట్టె దీపం ఆరకముందే పడుకుంటారు, దాన్ని ఆర్పడం టైమరు పని. చీకట్లో ఆ హాల్లో కూర్చోవడం ఆయనకిదే మొదలు.

"నా నల్ల కళ్ళద్దాలేవీ?" అన్నాడు భూతద్దం.

"ఉండండి, వెతుకుతున్నా," అని భార్య ఫోను లైటు వేసింది. వెలుగు జారి తొట్టె మీద పడింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "అన్నయ్యగారూ... ఇలా రండి."

బావమరిది తెచ్చిన సాధువు ఒంట్లోంచి దారాల్లాంటి పొడుగాటి కొండీలు బయటికొచ్చాయి, చివర్న తెల్లటి చుక్కలతో. మేత వాసనకి మేలుకున్నాయి. పంపు ప్రవాహంలో ఊగుతూ పోయి మెదడు పగడం అంచుని తడుముతున్నాయి. తడిమిన చోటల్లా తెల్లటి రాయి.

మాస్టారు రబ్బరు తొడుగు వేసుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ ముక్కని పైకి తీశారు. దారాలు లోపలికి ముడుచుకున్నాయి. అడుగున బొటనవేలితో నొక్కి చూస్తే గట్టి రాయి, చిన్న చిన్న గిన్నెల్లాంటి గూళ్ళ అంచులు.

"మెత్తటి జాతి అన్నావు?"

భూతద్దం గొంతు సవరించుకున్నాడు. "దీపం ఆర్పడం నా వ్యూహం బావగారూ."

"హంతకుణ్ణి కొనుక్కొచ్చి పక్కలో పడుకోబెట్టడం?" అంది భార్య.

"అది... దీర్ఘకాలిక వ్యూహం." తర్వాత గొంతు తగ్గింది. "అక్క పగడాన్ని నేనే చంపేసేవాణ్ణి కదూ బావగారూ."

"చంపలేదుగా," అన్నారు మాస్టారు, అతని భుజం తట్టి. ఆ ముక్కని తొట్టె అటు చివర, ప్రవాహం మెదడు వైపు రాని చోట దించారు. "పాపం, ఇదీ బతకాలిగా. దాని చుట్టూ కాస్త చోటు వదిలితే సరి."

తొడుగు తీస్తుంటే, ఆయనకి వరసకి చెల్లెమ్మయ్యే భూతద్దం భార్య మళ్ళీ లైటు పట్టుకుని పిలిచింది. మెదడు పగడం మిగిలిన మడతల్లోంచి, పగలెప్పుడూ కనబడని పొట్టి పొట్టి వేళ్ళు పైకి లేస్తున్నాయి. ఒలికిన మేతలో ఒక నలుసు వాటి మీద పడింది. వేళ్ళు దాన్ని చుట్టుకుని, మెల్లగా లోపలికి జరుపుకున్నాయి.

"ఇది తింటుందా!" అన్నారు మాస్టారు.

"వదిన ఫోనులో అనేది అన్నయ్యగారూ. 'ఆయన్ని పడుకోబెట్టి నా బుజ్జిదానికి అన్నం పెడుతున్నా' అని. నేనేదో సరదాకంటోందనుకున్నా."

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని, గిన్నెకి అంటుకున్న మేతలోంచి డ్రాపరుతో ఇంకో చుక్క ఆ మడతల మీద వదిలారు. వేళ్ళు తీసుకున్నాయి. ఇంకో చుక్క వదిలారు. అదీ తీసుకున్నాయి.

"రేపు కూడా పెడతారా?" అంది చెల్లెమ్మ మెల్లగా.

"రోజూ పెట్టకూడదేమో. పుస్తకం చూడాలి. మీ వదిన అలమారలో చాలా ఉన్నాయి."

వెనక సోఫాలో భూతద్దం, దొరికిన నల్ల కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, గుర్రుపెడుతున్నాడు. చెల్లెమ్మ అతని మీద దుప్పటి కప్పి తన గదికి వెళ్ళింది. మాస్టారు లేచి, వరండా దీపం వెలుగు తొట్టె మీద పడుతోందని గమనించి, హాలు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.