ఎక్కడికీ వెళ్ళని డాక్టరు ప్రయాణం

మోకా ఊరి డాక్టర్ అమాబ్లే పరీక్ష రాయడం తప్ప, పరీక్షకి సంబంధించిన పనులన్నీ చేశాడు.

అమెరికా ఆసుపత్రిలో రెసిడెన్సీ అనే శిక్షణ ఉద్యోగం దొరకాలంటే, బయట చదివిన డాక్టర్లు అక్కడి లైసెన్సు పరీక్షలు మెట్టు మెట్టుగా ఎక్కాలి. అమాబ్లే మొదటి మెట్టు దగ్గరే చాప పరుచుకుని కూర్చున్నాడు. గోడ నిండా టైం టేబుల్. గుండెకి ఎరుపు, కాలేయానికి ఆకుపచ్చ. మూత్రపిండాలకి ఏ రంగు వేయాలో తేల్చుకోవడానికే వారం పట్టింది.

పరీక్ష తేదీ ఇప్పటికే మూడుసార్లు జరిపాడు. మొదటిసారి తుపాను వస్తుందని. రాలేదు. రెండోసారి తమ్ముడి పెళ్ళని. ఆ సంగతి పెళ్ళికొడుక్కే తెలియదు. మూడోసారి కారణం వెతికే ఓపిక కూడా లేకపోయింది. ఇక జరపడానికి వీల్లేదు. ఈ శుక్రవారం రాజధానిలో కంప్యూటరు ముందు ఎనిమిది గంటలు కూర్చోవాలి. లేదంటే దరఖాస్తు చచ్చినట్టే.

అతని భార్య నూరిస్ మూడేళ్ళుగా అన్నిటికీ "పరీక్ష అయ్యాక" అనే మాటే వింటోంది. ఇంటికి రంగు, పిల్లలు, ఆఖరికి పెరట్లో కొత్తిమీర కూడా పరీక్ష అయ్యాకే.

సోమవారం పొద్దున కాఫీ కప్పు పట్టుకుని గదిలోంచి వరండాలోకీ, వరండాలోంచి గదిలోకీ తిరుగుతూ అమాబ్లే అన్నాడు. "నూరిస్, ప్రయాణం సంగతి ఎవరికీ చెప్పకు. నోటితో అంటే చెడిపోతుంది. మా అమ్మ చెప్పేది."

"మీ అమ్మ చెప్పినవాటిలో ఇదొక్కటే గుర్తుందా? తడి తువ్వాలు మంచం మీద వేయొద్దని కూడా చెప్పింది."

"నేను నవ్వులాటకి అనడం లేదు!"

"కూర్చుని చెప్పవయ్యా. నీ వెంట తల తిప్పలేక మెడ పట్టేసింది."

ఆ నమ్మకం ఊరంతటికీ ఉంది. విమానం ఎక్కేదాకా ఎవరూ ప్రయాణం పేరెత్తరు. కానీ అమాబ్లే ఉద్దేశం వేరు. గురువారం మధ్యాహ్నం బస్సెక్కుతాడు. దారిలో లా వేగాలో దిగి మేనమామ ఇంట్లో హాయిగా పడుకుంటాడు. శనివారం తిరిగొచ్చి, "కరెంటు పోయింది, పరీక్ష రద్దయింది" అంటాడు. కరెంటు పోయిందంటే నమ్మనివాడు ఆ దేశంలోనే లేడు. మేనమామకి ఫోను చేసి చెప్పడం కూడా అయిపోయింది. తేదీ ఊరికి తెలియకపోతే అడిగేవాడూ ఉండడు.

నూరిస్ అతని ముఖం కేసి కాసేపు చూసి, "సరే, చెప్పను" అంది. ఆ సాయంత్రం, ఇంట్లో డబ్బా నిండా ఉప్పు ఉండగానే, ఉప్పు కొనడానికి వీధి మూల కొట్టుకి వెళ్ళింది.

మంగళవారం పొద్దున్నే ఆ కొట్టు యజమానురాలు దోన్యా క్రిసెల్దా దిగింది. చేతిలో ఇటుకంత చీజు.

"డాక్టరూ, నువ్వు ఎక్కడికీ వెళ్ళడం లేదని నాకు తెలుసు."

"అవును, వెళ్ళడం లేదు."

"అదీ మాటంటే! వెళ్ళనివాడివి, ఈ చీజు న్యూయార్కులో మా చెల్లెలికి ఇవ్వు."

"ఒట్టు, క్రిసెల్దమ్మా! నేను కదలడం లేదు!"

ఆమె కన్ను గీటింది. "ఇంకాస్త గట్టిగా అను నాయనా. దిష్టి పెట్టేవాళ్ళు వీధి చివర ఉన్నారు."

కాదన్నకొద్దీ జనం నమ్ముతున్నారు. బుధవారం ఎదురింటి ఎలిగియో తాత కర్రపెండలం రొట్టెల కట్టతో వచ్చాడు. వాటితోపాటు ఒక కాగితం, దాని మీద పెన్సిలుతో గీసిన పాదం.

"ఈ రొట్టెలు మా అబ్బాయికి. వెళ్ళనివాడివి, తిరిగొచ్చేటప్పుడు ఈ కొలతకి బూట్లు పట్టుకురా."

"ఇది ఒక్క కాలే కదా తాతా?"

"రెండోది కూడా ఇంచుమించు అంతే."

క్లినిక్కులో పెద్ద డాక్టరు భుజం తట్టాడు. "నువ్వు సెలవు అడగలేదు, నేనివ్వలేదు. శుక్రవారానికి నీ కుర్చీలో వేరేవాణ్ణి కూర్చోబెట్టాను."

గురువారం మధ్యాహ్నానికి హాల్లో అడుగు పెట్టే చోటు లేదు. జామపండు హల్వా, పాలకోవా, మొక్కజొన్న పిండి, ఒక బతికున్న కోడిపుంజు. గోడ మీది టైం టేబుల్ ఊడి కింద పడితే, పుంజు కాలేయం మీద నిలబడి మూత్రపిండాలు పొడుస్తోంది.

"నువ్వే చెప్పావు!" అని అరిచాడు అమాబ్లే.

"ఏం చెప్పాను? 'మా ఆయన గురువారం బస్సుకి ఎక్కడికీ వెళ్ళడం లేదు' అన్నాను. నువ్వు చెప్పమన్నదే కదా."

"వీళ్ళంతా న్యూయార్కు అనుకుంటున్నారు!"

"అది వాళ్ళ సొంత కష్టం."

"ఇప్పుడు నేను వెళ్ళకపోతే?"

"ఇంటింటికీ తిరిగి ఎవరివి వాళ్ళకి ఇచ్చిరా. కారణం కూడా నువ్వే చెప్పు. తాతకి చెవుడు, ఆయనకి మాత్రం అరిచి చెప్పాలి."

అమాబ్లే మొక్కజొన్న పిండి మూట మీద కూలబడ్డాడు. వారంలో అతను కూర్చోవడం అదే మొదలు.

"తప్పితే, నూరిస్? తరగతిలో మొదటివాణ్ణి నేను. రాయనంతకాలం ఎప్పటికైనా పాసయ్యేవాణ్ణే. రాశాక నేనేమిటో తెలిసిపోతుంది."

నూరిస్ గొంతు మెత్తబడింది. "తెలిసిపోనీవయ్యా. తప్పితే తప్పినవాడి పెళ్ళాన్నవుతాను, మళ్ళీ రాద్దువు గాని. ఏదీ కాని ఈ బతుకే నా వల్ల కావడం లేదు."

అంతలో గుమ్మం ముందు బస్సు హారను మోగింది. చేపే అనే ఆ డ్రైవరు ముందు సీటు ఖాళీగా ఉంచి బస్సు తెచ్చాడు. పుంజు తప్ప అన్నీ పైకెక్కాయి.

"ఇవన్నీ నేనేం చేసుకోను?" అన్నాడు అమాబ్లే కిటికీలోంచి.

"రాజధానిలో మా అక్కకివ్వు. ఆదివారం న్యూయార్కు వెళ్తోంది."

"మీ అక్క వెళ్తోందా? నాకు చెప్పలేదే!"

"ప్రయాణం సంగతి నోటితో అనకూడదుగా."

వీధిలో ఎవరూ వెళ్ళిరమ్మనలేదు. అంటే చెడిపోతుంది కదా. అందరూ ఒక్కసారే గుమ్మాలు ఊడవడానికి బయటికొచ్చారు. చీపురు దొరకని ఎలిగియో తాత టోపీతో ఊడుస్తున్నాడు.

బస్సు ఊరు దాటాక అమాబ్లేకి ఊపిరి తిరిగింది. పెళ్ళాం మాటలు గుండెకి తగిలిన మాట నిజమే. కానీ కాళ్ళు ఇంకా మేనమామ పక్షమే. లా వేగా బోర్డు కనపడగానే లేచి, "చేపే, కాస్త ఆపు. కడుపు నొప్పి" అన్నాడు.

చేపే బస్సు ఆపలేదు. జేబులోంచి మాత్ర తీసి వెనక్కి చాపాడు. "కడుపు నొప్పంటే ఇది ఇవ్వమంది మీ ఆవిడ. తలనొప్పంటే తెల్లది."

"అది కాదు... మా మేనమామకి ఒంట్లో బాగాలేదు."

"బ్రహ్మాండంగా ఉన్నాడు డాక్టరూ. సోమవారమే మీ ఇంటికి ఫోను చేశాడట, నీకు మెత్తటి దిండు కావాలా, గట్టిది కావాలా అని."

లా వేగా వెనక్కి వెళ్ళిపోయింది. అమాబ్లే పక్కవాణ్ణి నీళ్ళడిగి మాత్ర మింగాడు. కడుపు నొప్పి అప్పుడే నిజంగా మొదలైంది. అయినా ఇక చెప్పుకోవడానికి మనిషి లేడు.