ఎనిమిది వందల ఎనభై సార్లు

పదకొండింటికి నలోంగో వస్తుంది. ఆవిడకు పనిముట్టు చూపించి సరేననిపించాలి, ఆ తర్వాత వీధి చివర బండి దగ్గర చపాతీలో గుడ్డు చుట్టిన రోలెక్స్ ఒకటి తినాలి. ఆ మంగళవారం పొద్దున ప్రొస్కోవియా వేసుకున్న పథకం ఇంతే. కంపాలాలో ఇంతకన్నా పెద్ద పథకాలు ట్రాఫిక్‌లోనే కన్నుమూస్తాయి.

నలోంగో అంటే కవలల తల్లి. ఆవిడ అసలు పేరు బజారులో ఎవరికీ గుర్తులేదు. ఆడవాళ్ళు వేడుకలకు వేసుకునే గోమెసిలు అమ్మే కొట్లు ఆవిడకు మూడున్నాయి. గోమెసిల గురించి జనం ఫోన్లలో ఏ మాటలు వెతుకుతున్నారు, నెలకు ఎన్నిసార్లు వెతుకుతున్నారు అన్న లెక్కలను ఏపీఐ అనే కంప్యూటరు దారిలో తెప్పించి, రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో పెట్టే పనిముట్టును ప్రొస్కోవియా తయారుచేసింది. బ్యాంకులో ఫోన్లెత్తే ఉద్యోగం మానేసి మరీ చేసింది. నలోంగో వద్దంటే మళ్ళీ ఆ ఫోన్లే గతి.

పనిముట్టు సరిగా పనిచేస్తోందో లేదో చూసుకునే రోజుల్లో దానికి మసాకాలో ఉండే మేనత్త నంబరు ఇచ్చింది. ఏది పంపినా క్షణంలో "అందింది" అని జవాబిచ్చే మనిషి ఆవిడొక్కతే. తర్వాత ఆ నంబరు తీసి నలోంగో నంబరు పెట్టడం మరిచిపోయింది. పైగా ఖాతా ఎవరిదైతే వాళ్ళ పేరు జాబితా నెత్తిన దానంతటదే పడుతుంది.

ఏడింటికి మేనత్తకు అందిన సందేశం ఇది: "ప్రొస్కోవియా. గత నెల వెతికినవి. క్వాంజులా రోజున వరుడు తేవలసిన కానుకలు: 1,300 సార్లు. గర్భిణికి వదులు గోమెసి: 880 సార్లు. తొందరగా క్వాంజులా జరిపించడం ఎలా: 590 సార్లు."

ఈసారి "అందింది" అని రాలేదు. పదిన్నరకు మేనత్తే ఆఫీసుకు వచ్చింది. మా బుగాండాలో పెళ్ళికి ముందు జరిగే పరిచయ వేడుక క్వాంజులా, అందులో వరుణ్ణి పెద్దల ముందు నిలబెట్టేది పిల్ల మేనత్త. పిల్ల తప్పటడుగు వేస్తే అందరూ నిలదీసేదీ ఆవిడనే.

అత్తను చూడగానే ప్రొస్కోవియా అలవాటు ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని నమస్కరించబోయింది.

"లే, లే! ఈ స్థితిలో కింద కూర్చోకు!"

"ఏ స్థితిలో అత్తా?"

"నన్నడుగుతావుటే? ఒకసారా, రెండుసార్లా? ఎనిమిది వందల ఎనభై సార్లు! ఆ ఫోను అరిగిపోలేదూ?"

"అయ్యో, అవి నేను వెతికినవి కావత్తా. దేశంలో జనం..."

"నెత్తిన నీ పేరుంటే జనమంటావేం?" అని ఆవిడ, ప్రొస్కోవియాకు పనిలో తోడుగా పక్క బల్ల దగ్గర కూర్చునే గాడ్‌ఫ్రేని ఎగాదిగా చూసింది. "ఇతనేనా?"

పనిముట్టు గురించే అడుగుతోందనుకున్నాడు గాడ్‌ఫ్రే. వినయంగా లేచి, "అవునమ్మా, ఇద్దరం కలిసే చేశాం. ఆర్నెల్లయింది," అన్నాడు.

"ఆర్నెల్లా!" మేనత్త కుర్చీలో కూలబడింది. సరిగ్గా అప్పుడే నలోంగో లోపలికొచ్చింది, చేతిలో వేయించిన మిడతల పొట్లంతో. నవంబరు కదా, ఊరంతా అవే.

"తీసుకోండి, తీసుకోండి, వేడిగా ఉన్నాయి!"

"మేం తినం," అంది మేనత్త. ప్రొస్కోవియా కూడా తల అడ్డంగా ఊపింది. గాడ్‌ఫ్రే చేతులు జోడించి, "మా ఇంట్లోనూ తినరు నలోంగో," అన్నాడు.

నోరూరించే మిడతల్ని కాదనేవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరే, మిడత గోత్రం వాళ్ళు. ఏ ప్రాణి పేరున గోత్రముంటే ఆ ప్రాణిని తినకూడదు మరి.

"నీదీ మిడత గోత్రమేనా?" అంది మేనత్త.

"అవునమ్మా."

"ఓరి దేవుడో! అన్నాచెల్లెళ్ళు! మసాకాలో ఏం మొహం పెట్టుకు తిరగను?"

నలోంగో పొట్లం బల్ల మీద పెట్టి, మేనత్త చేతిలోంచి ఫోను తీసుకుని జాబితా చదవసాగింది. ఇంకేముంది, అంతా అయిపోయిందనుకుంది ప్రొస్కోవియా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇది దేశమంతా వెతికిన లెక్కేనా, అమ్మాయ్?"

"అవునండీ. నా పేరు పొరపాటున పడింది."

"వదులు గోమెసికి ఎనిమిది వందల ఎనభయ్యా! నా మూడు కొట్లలోనూ ఏడాదికి ఒక్కత్తీ అడగదు. సిగ్గుపడి ఫోన్నడుగుతున్నారన్నమాట. రేపే కుట్టిస్తాను. ఈ జాబితా ఇకనించి రోజూ నాకే రావాలి, తెలిసిందా?"

ప్రొస్కోవియాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఈసారి నలోంగో ముందు నిజంగానే మోకాళ్ళ మీద కూర్చుంది. మేనత్త కూడా అడ్డుచెప్పలేదు.

"అంటే ఇవన్నీ ఊళ్ళోవాళ్ళ పిల్లల సంగతులా?" అంది ఆవిడ మెల్లగా.

"అవునత్తా."

"అమ్మయ్య!" గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, మసాకాలో ఎదురుచూస్తున్న పెద్దలకు ఫోను చేసి పరువు దక్కిందని చెప్పింది. ఫోను పెట్టేశాక ఆవిడ మొహం మళ్ళీ వాడిపోయింది.

"అయితే ఇందులో నువ్వు వెతికింది ఒక్కటీ లేదుటే?"

"లేదత్తా."

"ఇరవై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఒక్కసారైనా వెతకాలనిపించలేదూ?"

ప్రొస్కోవియా కంప్యూటరు వైపు తిరిగి ఏదో పని కల్పించుకుంది. మేనత్త తన కుర్చీని గాడ్‌ఫ్రే దగ్గరకు లాక్కుంది. గొంతులో తేనె ఊరుతోంది.

"బాబూ, మీ అమ్మగారి పుట్టింటిది ఏ గోత్రం?"

"సింహం, అమ్మా."

"మేనమామలకు మగపిల్లలెంతమంది?"

గాడ్‌ఫ్రే వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ చాల్లేదు.